యుష్చెంకోను ఎలా గుర్తు పెట్టుకోవాలి?

ప్రశ్న: ఉక్రెయిన్ మాజీ అధ్యక్షుడు విక్టర్ యుష్చెంకో పేరు వినగానే విషప్రయోగంతో పాడైన ముఖమే గుర్తుకు వస్తుంది. 2004లో ఆయనను వీరుడని పొగిడిన పత్రికలే తరువాత చేతకాని నాయకుడని రాశాయి. వీటిలో ఏది నిజం?

జవాబు: రెండు మాటలకూ ఆధారాలు ఉన్నాయి. కానీ ఆయన హయాంలో వచ్చిన అసలు మార్పు ఆ రెండు వర్ణనల్లోనూ కనిపించదని నా అభిప్రాయం.

2004 సెప్టెంబరులో, ఎన్నికల ప్రచారం జోరుగా సాగుతుండగా, యుష్చెంకో హఠాత్తుగా జబ్బుపడి వియన్నాలోని ఆసుపత్రిలో చేరారు. అందగాడిగా పేరున్న ఆయన ముఖం కొన్ని వారాల్లోనే బొబ్బలతో, గుంటలతో గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. దానికి కారణం డయాక్సిన్ అనే విషమని డిసెంబరులో వైద్యులు నిర్ధారించారు. ఆ నేరానికి ఇంతవరకూ ఎవరికీ శిక్ష పడలేదు. పాత ఫొటోనూ కొత్త ఫొటోనూ పక్కపక్కన వేస్తే వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు గనుక విదేశీ పత్రికలు ఆ పనే చేశాయి. జాతీయ బ్యాంకు అధిపతిగా ఉండగా 1996లో హ్రివ్నియా కరెన్సీని ప్రవేశపెట్టిన ఆర్థికవేత్త ఆ ఫొటోల వెనక మరుగున పడ్డారు.

స్వదేశంలో పరిస్థితి వేరు. అప్పటి అధ్యక్షుడు కుచ్మా పాలనలో ఏ వార్తను ఎలా చూపాలో, దేన్ని అసలు చూపకూడదో చెబుతూ టీవీ ఛానళ్లకు రహస్య ఆదేశాలు వెళ్లేవి. నవంబరు 21 పోలింగులో యుష్చెంకో ప్రత్యర్థి, అప్పటి ప్రధాని యనుకోవిచ్ గెలిచారని ప్రకటించినప్పుడు, ప్రభుత్వ ఛానల్‌లో బధిరుల కోసం సంజ్ఞలతో వార్తలు చెప్పే నటాలియా ద్మిత్రుక్, చదువుతున్న వార్తను పక్కన పెట్టి, ఆ ఫలితాలు అబద్ధమని, నమ్మవద్దని ప్రత్యక్ష ప్రసారంలోనే చేతులతో చెప్పేశారు. ఫలితాలపై జనం వీధుల్లోకి వచ్చి ‘ఆరెంజ్ విప్లవం’ అనే ఉద్యమం నడిపారు. సుప్రీంకోర్టు ఆ పోలింగును రద్దు చేసింది. డిసెంబరు 26న మళ్లీ జరిగిన పోలింగులో దాదాపు 52 శాతం ఓట్లతో యుష్చెంకో గెలిచారు.

వైఫల్యాలు కల్పితాలు కావు. ఉద్యమంలో తోడు నిలిచిన ప్రధాని తిమోషెంకో ప్రభుత్వాన్ని ఏడాది తిరగకుండానే తొలగించారు, 2006లో యనుకోవిచ్‌నే ప్రధానిగా నియమించవలసి వచ్చింది. అయితే 2004 డిసెంబరు నాటి రాజీలో భాగంగా చేసిన రాజ్యాంగ సవరణలు 2006 జనవరి నుంచి అధ్యక్షుడి అధికారాలను బాగా కత్తిరించాయని ఆయనను తప్పుపట్టినవారిలో ఎందరు గుర్తు చేశారు? చివరి రోజుల్లో, 2010 జనవరిలో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పోలండ్ ప్రజలను ఊచకోత కోసిన జాతీయవాద ఉద్యమానికి నాయకుడైన స్తెపాన్ బందేరాకు ‘ఉక్రెయిన్ వీరుడు’ బిరుదు ఇవ్వడం మాత్రం నా దృష్టిలో పెద్ద పొరపాటు. సోవియట్ పాలనలో ఉక్రెయిన్‌లో వచ్చిన 1932-33 కరువులో లక్షలాది మంది ప్రాణాలు కోల్పోయిన ఘోరాన్ని జాతి నిర్మూలనగా గుర్తించే చట్టం కోసం ఆయన చేసిన కృషికి పోలండ్‌లోనూ మన్నన ఉండేది, అదే పోలండ్ ఈ బిరుదును గట్టిగా తప్పుపట్టింది.

ఇక అసలు మార్పు సంగతి. 2005లో కొడుకు విలాస జీవితంపై ఒక వెబ్ పత్రికలో వార్తలు వచ్చినప్పుడు యుష్చెంకో విలేకరిపై బహిరంగంగా మండిపడ్డారు. వందల మంది పాత్రికేయులు సంతకాలతో నిరసన తెలిపారు. ఆ పత్రిక యథాప్రకారం నడిచింది. కుచ్మా కాలంలో ఊహకు అందని విషయమిది. దేశాల్లో స్వేచ్ఛ స్థాయిని అంచనా వేసే అమెరికా సంస్థ ఫ్రీడమ్ హౌస్ 2006 నుంచి 2010 వరకు వెలువరించిన నివేదికల్లో ఉక్రెయిన్‌ను ‘స్వేచ్ఛాయుత’ దేశంగా పేర్కొంది. 2010 ఎన్నికల్లో కేవలం 5.45 శాతం ఓట్లతో అయిదో స్థానంలో నిలిచిన యుష్చెంకో ఓటమిని అంగీకరించి పదవి నుంచి తప్పుకున్నారు. 2011 నివేదికలో ఉక్రెయిన్ ‘పాక్షిక స్వేచ్ఛ’ స్థాయికి దిగిపోయింది. అప్పటికి అధ్యక్ష పీఠంపై ఉన్నది యనుకోవిచ్.