వైన్ ముట్టని పెద్దవాళ్లతో పోర్టో, డౌరో నది

వైన్ తాగని అమ్మానాన్నలతో, అందులోనూ నాన్నగారు పూర్తి శాకాహారి, పోర్చుగల్‌లోని పోర్టోలో నాలుగు రోజులు గడుస్తాయా అని అడిగారు కదా. గడుస్తాయండీ. రెండేళ్ల కిందట సెప్టెంబర్‌లో మేం మా అత్తయ్యగారు, మావయ్యగారితో వెళ్లొచ్చాం, ఇద్దరూ వైన్ వాసన కూడా చూసినవాళ్లు కాదు. నేను చెప్పేది ఒకటే, నాలుగు రోజులూ ఊళ్లోనే పెట్టుకోకుండా ఒక రోజు మొత్తం రైలెక్కి డౌరో నది వెంట పైకి పోండి.

సావ్ బెంటో స్టేషన్‌కి అరగంట ముందే చేరుకోండి. హాలు గోడల నిండా నీలం బొమ్మల పెంకులు, ఇరవై వేల దాకా ఉంటాయి, రైలు టైమైనా మావయ్యగారు అక్కణ్నుంచి కదల్లేదు. ద్రాక్షతోటల మధ్య ఉన్న పిన్యావ్ అనే ఊరికి టికెట్ తీసుకోండి, సుమారు రెండున్నర గంటల ప్రయాణం. వెళ్లేటప్పుడు కుడి పక్క కిటికీ పట్టుకోవాలి. మొదటి గంటలో నదే కనపడదు, "దీనికోసమా తెచ్చావు" అన్నట్టు ఇంట్లోవాళ్లు మీ మొహం చూస్తారు, కంగారు పడకండి. ఆ తర్వాత పట్టాలు నీళ్ల అంచునే పోతాయి, కొండలన్నీ మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు, మెట్టు మెట్టుకీ రాతి గోడ. పోర్ట్ వైన్‌కి ద్రాక్ష ఎక్కడ పండాలో 1756లోనే హద్దులు గీసేశారట! తిరుగు రైలు టైము మాత్రం దిగగానే చూసుకోండి, రైళ్లు తక్కువ. మేం ఒకటి అందుకోలేక స్టేషన్‌లో చాలాసేపు కూర్చున్నాం, అక్కడి గోడల మీదా ద్రాక్ష కోతల బొమ్మలుండబట్టి సరిపోయింది.

అక్కడ పండిన వైన్‌ని పీపాల్లో నింపి రబేలో అనే పాతకాలపు చెక్క పడవల మీద కిందికి, పోర్టోకి ఎదురుగట్టున ఉన్న గాయాకి తెచ్చేవాళ్లు. సముద్రం దగ్గర కాబట్టి చల్లగా ఉంటుంది, పీపాల్లో ఏళ్ల తరబడి మాగుతుంది. ఇప్పుడు నదికి ఆనకట్టలొచ్చాయి, సరుకు లారీల్లో వస్తోంది, పడవలు ఒడ్డున అలంకారానికే. తాగకపోయినా ఒక గిడ్డంగి చూడండి, ఆ చీకటి, ఆ పీపాల వాసన పెద్దవాళ్లకీ నచ్చుతాయి. రసం పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష సారా పోసి ఆపేస్తారు, తీపి అలాగే మిగిలిపోతుంది, ఘాటు మాత్రం 20 శాతం దాకా ఉంటుంది. దగ్గుమందులా తియ్యగా ఉందని మా ఆయన మూడు గ్లాసులు వేసేసి, బయటికొచ్చాక వాళ్ల నాన్న భుజం పట్టుకుని నడిచారు.

ఇక తిండి. అసలు కష్టం ఇక్కడే. పోర్టోవాళ్లని త్రిపైరోలు అంటారు, అంటే బోటీ తినేవాళ్లని. 1415లో ఉత్తర ఆఫ్రికాలోని సెవుతా నగరం మీదికి దండెత్తి వెళ్లే నౌకలకి మాంసమంతా ఇచ్చేసి తమకి పేగులే మిగుల్చుకున్నారని కథ. తెల్ల చిక్కుడు గింజలతో వండిన ఆ బోటీ నాకు నచ్చింది, మన మసాలా లేదన్న లోటు తప్ప. ఫ్రాన్సెజీన్యా అనే శాండ్‌విచ్‌లో రెండు మూడు రకాల మాంసం, పైన చీజ్, దాని మీద సాస్, ఒకటి ఇద్దరికి. నాన్నగారికి "సెయిం కార్న్, సెయిం పెయిష్" (మాంసం వద్దు, చేప వద్దు) అని చెప్పండి, కాల్దు వెర్ద్ సూప్ ఆకుకూరదే అని నమ్మకండి, అందులో సాసేజ్ ముక్క వేస్తారు. అరోజ్ దోస్ అడగండి, పైన దాల్చినచెక్క పొడి చల్లిన పరమాన్నం లాంటిదే, కొందరు గుడ్డు సొన కలుపుతారు కాబట్టి ముందే కనుక్కోండి, మావయ్యగారు రోజూ అదే. అన్నట్టు, కూర్చోగానే అడక్కుండా బల్ల మీద పెట్టే రొట్టె, ఆలివ్‌లు ఉచితం కాదు. మేం మర్యాద అనుకుని మొత్తం ఖాళీ చేశాం, బిల్లులో తేలింది. వద్దంటే తీసేస్తారు.

హోటల్ కంటే వంటిల్లున్న ఫ్లాట్ తీసుకోండి, కుక్కర్ పట్టుకెళ్లండి. మా ఫ్లాట్ ఇంటావిడకి ఇంగ్లిష్ రాదు, తువ్వాళ్లు చూపించి "తుఆల్యా", బీరువా చూపించి "అర్మారియు" అంది. అత్తయ్యగారు నా వైపు తిరిగి "ఈవిడకి తెలుగొచ్చే!" అన్నారు.