పండగ తేదీ ముందే తెలుసు, డబ్బు మాత్రం అప్పటికప్పుడా?

ప్రశ్న: మాకు 6, 3 ఏళ్ల పిల్లలు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. మామూలు నెలల్లో ఎంతో కొంత మిగులుతుంది. కానీ పండగ వచ్చినా, కాలం మారి పిల్లలకు బట్టలు, బూట్లు కొనాల్సి వచ్చినా క్రెడిట్ కార్డు బిల్లు తడిసి మోపెడవుతోంది. అది తీరేలోపే ఇంకో పండగ. పిల్లలను చిన్నబుచ్చకుండా దీన్నుంచి బయటపడేదెలా?

జవాబు: ముందు కార్డు సంగతి చూద్దాం. బాకీలో కొంతే కట్టి మిగతాది వచ్చే నెలకు తోస్తే, చాలా కార్డుల్లో కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా పోతుంది. అంటే పండగకు కొన్న బొమ్మకే కాదు, నిన్న కొన్న పాల ప్యాకెట్‌కూ వడ్డీ పడుతుంది. నెలకు 3 శాతం అంటే చిన్నగానే కనిపిస్తుంది. చక్రవడ్డీ లెక్కన ఏడాదికి అది 42 శాతం దాటుతుంది. కాబట్టి పాత బాకీ తీరేదాకా ఆ కార్డును బీరువాలో పెట్టేసి, రోజువారీ ఖర్చులకు డెబిట్ కార్డు వాడండి.

తర్వాత గత 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని కూర్చోండి. ఒక్కో పండగకు ముందు 3 వారాలు, తర్వాత 1 వారం ఏమేం పోయిందో రాయండి. కానుకలు, బట్టలు అందరికీ గుర్తుంటాయి. ప్రయాణం, వచ్చిన చుట్టాల భోజనాలు, బడి సెలవుల్లో పిల్లలను చూసుకునే మనిషికిచ్చే డబ్బు లెక్కలోకి రావు. బడ్జెట్ బోల్తా కొట్టేది ఎక్కువగా అక్కడే. వచ్చిన మొత్తానికి 10 శాతం కలపండి.

ఆ మొత్తాన్ని 12తో భాగించి నెలనెలా దాచుకోమని అందరూ చెబుతారు. మాట మంచిదే కానీ మొదటి ఏడాది పని చేయదు. ఎందుకో చూడండి. మీ ఇద్దరి నెల జీతం కలిపి 100 అనుకుందాం. ఇవాళ్టి నుంచి 3వ నెలలో పెద్ద పండగకు 45, 4వ నెలలో చలి బట్టలకు 18, 7వ నెలలో పుట్టినరోజుకు 15, 9వ నెలలో ఇంకో పండగకు 30, 10వ నెలలో వేసవి బట్టలకు 12. మొత్తం 120, అంటే నెలకు 10. కానీ 3వ నెలకు మీ దగ్గరుండేది 30, ఖర్చు 45. 4వ నెలాఖరుకు లోటు 23కు చేరుతుంది. అదే మళ్లీ కార్డు మీదికి పోతుంది. నెలకు 10 సరిపోవాలంటే మొదటి రోజే 23 చేతిలో ఉండాలి.

అది లేకపోతే మొదటి 4 నెలలు 16 చొప్పున వేయాలి. మీకు కార్డు బాకీ కూడా ఉంది కాబట్టి నేనైతే ఈ ఒక్కసారికి పెద్ద పండగను 45 నుంచి 30కి తగ్గించమంటాను. అప్పుడు 4 నెలలు 12 చొప్పున వేస్తే చాలు, మిగిలే 4 కార్డుకు కట్టవచ్చు. 5వ నెల నుంచి 10 చొప్పున వేసుకుంటూ పోతే ఏడాది చివర 23 మిగులుతుంది. వచ్చే ఏడాది పండగ పూర్తిగా 45తో చేసుకున్నా, నెలకు 10తోనే సరిపోతుంది. మీ అంకెలు, నెలలు వేరుగా ఉంటాయి. నెలనెలా చేతిలో ఎంత మిగులుతుందో లెక్క వేసుకుంటూ వెళ్లి, ఏ నెలలో లోటు అన్నిటికన్నా ఎక్కువో చూడండి. మీకు ముందుగా కావాల్సిన మొత్తం అదే.

ఈ డబ్బుకు వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి, జీతం పడిన మర్నాడే దానంతటదే బదిలీ అయ్యేలా పెట్టండి. కొన్ని నెలల్లో వాడే డబ్బు ఇది, షేర్లలో పెట్టవద్దు. అత్యవసర నిధిలో కలపవద్దు కూడా. ఆసుపత్రి ఖర్చు చెప్పి రాదు, పండగ తేదీ చెప్పే వస్తుంది.

బట్టల్లో ఆదా చేసే వీలుంది. ఈ వయసు పిల్లలు ఏడాదికి సుమారు 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరుగుతారు. సీజన్ చివర ధర తగ్గినప్పుడు వదులు స్వెటరు, రెయిన్‌కోటు ఒక సైజు పెద్దవి కొనిపెట్టుకోవచ్చు. బూట్లు మాత్రం ముందే కొనకండి. పాదం ఎంత పెరుగుతుందో అంచనా తప్పుతుంది, పెద్ద బూట్లేసుకున్న పిల్లలు తట్టుకుని పడతారు. పెద్ద బిడ్డ బట్టలు చిన్న బిడ్డకు దాచేటప్పుడు అట్ట పెట్టె మీద సైజు, కాలం రాయండి. రాయని పెట్టెను ఎవరూ తెరవరు, మళ్లీ కొత్తవే కొంటారు.

అలంకరణ సామాను కూడా అంతే. పండగ అయ్యాక లైట్ల తీగ వెలిగించి చూసి, అట్టముక్కకు చుట్టి దాచండి. బ్యాటరీలు తీసేయండి, లోపలే వదిలేస్తే కారి పాడుచేస్తాయి. చవగ్గా దొరికే వెలిగే బొమ్మల్లో బిళ్ల బ్యాటరీ మూతకు స్క్రూ లేకపోతే కొనకండి. మూడేళ్ల పిల్ల మింగితే ప్రాణాపాయం.

కానుకలకు ఒక్కో బిడ్డకు ఇంత అని కాకుండా మొత్తం ఇంత అని గీత గీయండి. అందులోంచి చిన్న మొత్తం ఆరేళ్ల బిడ్డ చేతికిచ్చి, ఇంటి అలంకరణ తనకు నచ్చింది కొనమనండి. అయిపోతే మళ్లీ ఇవ్వకండి. మూడేళ్ల బిడ్డకు ధరతో పనిలేదు, ఖాళీ అట్టపెట్టె దొరికినా ఆడుకుంటుంది.