గంజాయి మీద మాట్లాడబోతున్న బిడ్డకు

హనుమకొండ

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే టెన్షన్ పడుతున్నావని తెలిసిపోయింది. కాలేజీ డిబేట్‌లో 'గంజాయిని చట్టబద్ధం చేయాలా?' అన్న అంశం ఇచ్చారు, చీటీ తీస్తే నీకు 'అనుకూలం' వచ్చింది. "నేను నమ్మని మాట అంతమందిలో ఎట్లా మాట్లాడాలి పెద్దబాపూ?" అని అడిగావు. ఫోన్‌లో చెబితే తెగేది కాదని కాగితం తీసుకున్నాను. ముప్పై ఏళ్లు నల్లకోటు వేసుకుని తిరిగాను. గంజాయి కేసులు రెండు వైపుల నుంచీ చూశాను. ఇది నాకు పోటీ అంశం కాదు, కాబట్టి కాస్త పొడుగవుతుంది.

ముందు ఆ 'చట్టబద్ధం' అనే మాటను విడగొట్టు. అందులో నాలుగు వేర్వేరు పనులున్నాయి. తాగినవాణ్ని జైలుకు పంపకపోవడం ఒకటి. రోగికి మందుగా ఇవ్వడం ఇంకొకటి. నార కోసం, గింజల కోసం పంట వేయనివ్వడం మూడోది. కిరాణా కొట్టు మాదిరిగా దుకాణం తెరిచి అమ్మడం నాలుగోది. ఈ నాలుగింటినీ కలిపి మాట్లాడేవాళ్లే ఎక్కువ, అందుకే వాదన ఎటూ తేలదు. కెనడా 2018 అక్టోబర్ 17 నుంచి దుకాణాల్లో అమ్మనిచ్చింది. జర్మనీ 2024 ఏప్రిల్‌లో పెద్దవాళ్లు 25 గ్రాములు దగ్గర పెట్టుకోవచ్చు, ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోవచ్చు అంది కానీ దుకాణాలు మాత్రం తెరవలేదు. మన ఉత్తరాఖండ్ 2018లో మత్తు పదార్థం 0.3 శాతం దాటని, నార కోసం వేసే గంజాయి రకానికి (హెంప్ అంటారు) అనుమతిచ్చింది. ఈ మూడూ ఒకటేనా? నువ్వు మైకు ముందు నిలబడగానే 'నేను వీటిలో దేని గురించి మాట్లాడుతున్నానో ముందు చెబుతాను' అను. సగం బరువు అక్కడే దిగిపోతుంది.

రెండోది, పేపర్లో వార్తలు కాకుండా చట్టమే చదువు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. హోలీ నాడు ఆ ఆకులతో చేసిన భంగు తాగినవాడు, సిగరెట్‌లో గంజాయి నింపుకున్నవాడు ఒకే మొక్క దగ్గరికి పోయారు, చట్టం మాత్రం ఇద్దరినీ వేరుగా చూస్తుంది. ఇక శిక్ష బరువును బట్టి ఉంటుంది. కిలో వరకు 'చిన్న పరిమాణం', ఏడాది వరకు జైలు. కిలో దాటి 'వాణిజ్య పరిమాణం', అంటే 20 కిలోలు రాకపోతే పదేళ్ల వరకు. 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాకుండా ఇరవై వరకు, బెయిలు దొరకడం కూడా చాలా కష్టం. ఉత్త తాగినందుకు ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ.

ఆ కిలో గీత దగ్గర మనిషి బతుకు ఎట్లా ఊగుతుందో ఒకసారి దగ్గరగా చూశాను. ఒక ఆటో పిల్లగాడు, ఇరవై రెండేళ్లవాడు. ఎవరో ఐదు వందలిస్తామంటే స్టేషన్ నుంచి ఒక ప్యాకెట్ తీసుకొచ్చాడు, చౌరస్తాలో దొరికిపోయాడు. పంచనామాలో 1,150 గ్రాములని రాశారు. కోర్టులో ఆ ప్యాకెట్ తెరిచారు. పసుపు రంగు ప్లాస్టిక్ కవరు, దాని మీద మూడు వరసలు గోధుమరంగు టేపు, లోపల అదిమిపెట్టిన ముద్ద. ఎండుగడ్డి వాసనలో పచ్చి ఘాటు కలిసినట్టుంది. చేత్తో విడదీస్తే సగం పుల్లలు, ఆకులే. తూచినప్పుడు కవరు తీశారా, పుల్లలు వేరు చేశారా అని అడిగాను. జవాబు లేదు. కవరూ పుల్లలూ తీసేస్తే కిలో లోపు కేసు, ఉంచితే పదేళ్ల దాకా పోయే కేసు. రెండున్నరేళ్లకు నిర్దోషి అని తీర్పొచ్చింది. కానీ బెయిలు వచ్చేలోపే ఏడు నెలలు లోపల ఉన్నాడు, కిస్తీలు కట్టలేదని ఫైనాన్స్ వాళ్లు ఆటో పట్టుకుపోయారు. ప్రతి వాయిదాకూ వాళ్లమ్మ సద్ది మూట కట్టుకుని వచ్చి వేపచెట్టు కింద కూర్చునేది. ప్యాకెట్ ఇచ్చినవాడి పేరు కేసు కట్టలో ఎక్కడా లేదు.

నీ వాదనలో అసలు బలం ఇక్కడుంది బిడ్డా. ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో సీలేరు, చింతపల్లి, మల్కాన్‌గిరి వైపు కొండల్లో పండిన సరుకు భద్రాచలం దారిన, రైళ్లలో కాజీపేట మీదుగా మహారాష్ట్రకు, హైదరాబాద్‌కు పోతుంది. దారిలో దొరికేది ఎక్కువగా మోసేవాడు, లేకపోతే పండించిన ఆదివాసి. చట్టం ఎవరి మీద పడుతోంది అని అడుగు. 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వమే వేసిన హెంప్ డ్రగ్స్ కమిషన్, మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదని, నిషేధం కంటే పన్ను వేసి అదుపులో పెట్టడమే మేలని చెప్పింది. 2020 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ దీన్ని అత్యంత కఠినమైన జాబితా నుంచి తీసేసినప్పుడు మన దేశం తీసేయమనే ఓటేసింది. పిల్లల్లో మామూలు మందులకు లొంగని రెండు అరుదైన రకాల మూర్ఛలకు ఈ మొక్క నుంచి తీసిన మందును 2018లో అమెరికా ఆమోదించింది. ఇవన్నీ వాడుకో.

అయితే ఆ హెంప్ కమిషన్ మాట చెప్పేటప్పుడు నిజాయితీగా ఉండు. ఆనాటి సరుకు, ఈనాటి సరుకు ఒకటి కాదు. అమెరికాలో పట్టుబడ్డ సరుకులోనే మత్తు పదార్థం 1995లో సుమారు 4 శాతం ఉంటే 2014కి 12 శాతానికి చేరింది. ఈ సంగతి ఎదుటివాళ్లు లేవనెత్తకముందే నువ్వే చెప్పు.

మన వెనక వీధిలో ఉండేవాళ్ల అబ్బాయి సంగతి నీకు పూర్తిగా తెలియదు. నువ్వు చిన్నదానివి. ఇంటర్‌లో హాస్టల్‌లో గంజాయి మొదలుపెట్టాడు. బీటెక్ రెండో ఏడాదికి వచ్చేసరికి ఫ్యాన్ లోంచి ఎవరో మాట్లాడుతున్నారని, టీవీ తనను చూస్తోందని దాని మీద దుప్పటి కప్పేవాడు. ఒక రాత్రి వాళ్ల నాన్న వచ్చి తలుపు కొడితే నేనూ పోయాను. మంచం కిందికి దూరి చెవులు మూసుకుని ఉన్నాడు, ఒళ్లంతా చెమట. నేను పేరు పెట్టి పిలిస్తే, "మెల్లగా మాట్లాడు అంకుల్, వింటున్నారు" అన్నాడు. అది తాగిన ప్రతివాడికీ అట్లా కాదు. తాగినవాళ్లలో నూటికి తొమ్మిదిమంది దాకా అలవాటుకు బానిసలవుతారని అంచనా, చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్లలో మాత్రం ఆరుగురిలో ఒకరు. ఇరవై అయిదేళ్ల దాకా మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. నీ ముందు కూర్చునేవాళ్లంతా ఆ వయసువాళ్లే కాబట్టి ఈ మాట దాటవేయకు. అనుకూలంగా మాట్లాడుతూనే చెప్పొచ్చు. కేసు భయంతో ఆ తల్లిదండ్రులు ఏడాదిపాటు ఆసుపత్రి గడప తొక్కలేదు. చికిత్సకు తనంతట తాను వచ్చినవాణ్ని కేసు నుంచి కాపాడే సెక్షన్ 64ఏ చట్టంలోనే ఉంది, అది వాళ్లకు తెలియదు. చెప్పినవాళ్లూ లేరు.

నిషేధం గురించి మాట్లాడాలంటే ఎక్కడికో పోనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచారు, 1993 అక్టోబర్‌లో సారా ఆగింది, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది. ఇక్కడ గోదావరి అవతలి నుంచి సీసాలు దాటొచ్చేవి, తండాల్లో బెల్లం, పటిక వేసి గుడుంబా కాచేవాళ్లు. 1997లో నిషేధం ఎత్తేశారు. నిషేధిస్తే పోదు అనడానికి నీకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కానీ ఎత్తేశాక ఏం జరిగిందో కూడా చూశాం. లైసెన్సు షాపు ఊరి బయట ఒకటే, ఊళ్లో బెల్ట్ షాపులు నాలుగు. పప్పు, ఉప్పు అమ్మేచోటే రాత్రి పదింటికి సీసా చేతికొస్తుంది. ఆ ఆదాయం ఖజానాకు అలవాటయ్యాక తగ్గించమని అడిగితే వినేవాళ్లు ఉండరు. అందుకే నాలుగో పని, దుకాణం తెరవడం, నేను ఒప్పుకోను. గంజాయికీ బెల్ట్ షాపు వస్తుంది, చాక్లెట్ రూపంలో స్కూలు గేటు దాకా వస్తుంది. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో ఒక్కసారి తలుపులు తీసేసింది, వీధివీధికీ దుకాణాలొచ్చాయి, మూడేళ్లకు మళ్లీ డాక్టరు చీటీ ఉండాలని వెనక్కి రావాల్సి వచ్చింది.

నీ ప్రశ్నకు నా జవాబు ఇదే. నువ్వు నమ్మగలిగినంతవరకే 'అనుకూలం' అను. చిటికెడు దొరికిన పిల్లగాణ్ని జైలుకు కాకుండా డాక్టరు దగ్గరికి పంపాలంటావా? మందు రోగికి అందాలంటావా? ఈ రెండూ నువ్వు మనసారా అనగలవు. మూడోదానికి వస్తే, పంట అనుమతి కంపెనీలకు పోకుండా ముందు కొండమీద రైతుకే ఇవ్వాలని అడుగు. నాలుగోది ఎవరైనా అడిగితే 'దానికి నేను ఒప్పుకోను' అని సూటిగా చెప్పెయ్. చీటీ తీసినంతమాత్రాన అన్నింటికీ తలూపాలని రూలేం లేదు.

కొన్ని మాటలు మాత్రం వద్దు. 'దేవుడిచ్చిన మొక్క' అనకు, గన్నేరు కూడా దేవుడిచ్చిందే. 'సిగరెట్ కంటే నయం' అనకు, పొగ పొగే. 'తెలంగాణ ప్రభుత్వం చట్టం మార్చాలి' అని అసలే అనకు. ఇది పార్లమెంటు చేసిన చట్టం, మార్చాల్సింది ఢిల్లీలో. మందుకు, పరిశోధనకు సాగు అనుమతించే అధికారం మాత్రం రాష్ట్రానికి ఉంది. జడ్జీల్లో ఒక్క వకీలు ఉన్నా ఆ తప్పు వెంటనే పట్టుకుంటాడు. అంకెలు ఎక్కువ చదవకు, ఒకటి చాలు. 2019లో బయటికొచ్చిన ఎయిమ్స్ సర్వేలో 3.1 కోట్ల మంది ఏడాదిలో ఒక్కసారైనా ఈ మొక్కను ఏదో రూపంలో వాడారని తేలింది, అందులో 2.2 కోట్లు భంగు తాగినవాళ్లు. భంగు వాళ్లను చట్టం వదిలేసినా, మిగిలిన అంతమందిని ఏ జైల్లో పెడతారని అడిగి కాసేపు ఆగు.

మొదలుపెట్టేటప్పుడు ఆ పసుపు కవరుతోనే మొదలుపెట్టు. పిల్లగాడి ఊరి పేరు, ఇంటిపేరు నేను చెప్పలేదు, నువ్వూ ఎవరినీ అడగకు. ఇప్పుడు పెళ్లయింది, మళ్లీ ఆటో నడుపుకుంటున్నాడు.

బేర్ యాక్ట్, అంటే ఉత్త చట్టం పుస్తకం, నా టేబుల్ మీదే ఉంది, గంజాయి శిక్షలుండే సెక్షన్ 20 దగ్గర, 64ఏ దగ్గర కాగితం ముక్కలు పెట్టాను. ఆదివారం పొద్దున రా, పెద్దమ్మ సర్వపిండి చేస్తానంది. నువ్వు రాసింది నాకు గట్టిగా చదివి వినిపించు, ఎదుటి పక్షం వకీలులా నేను అడ్డు ప్రశ్నలు వేస్తాను.

మీ పెద్దబాపు