జాయ్‌స్టిక్ వదులైతే మొత్తం మార్చాలా?

ప్రశ్న: మా బాబాయి చాలా ఏళ్ల క్రితం అమెరికా నుంచి తెచ్చిన నింటెండో 64 వీడియో గేమ్ కన్సోల్ ఇప్పటికీ పనిచేస్తోంది. అయితే కంట్రోలర్ జాయ్‌స్టిక్ బాగా వదులై, చెయ్యి తీసినా ఒక పక్కకు వాలిపోతోంది. స్టిక్ మొదలు దగ్గర తెల్లటి పొడి రాలుతోంది. నింటెండో వారిదే తరవాతి కన్సోల్ గేమ్‌క్యూబ్ తరహా స్టిక్ వేయించమని స్నేహితుడు చెబుతున్నాడు. నాకు టంకం పెట్టడం రాదు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: టంకంతో పని లేదు. జాయ్‌స్టిక్ విభాగం ఆరు తీగల కనెక్టరుతో బోర్డుకు తగిలి ఉంటుంది. ఊడదీసి మరొకటి పెట్టవచ్చు. కాని స్నేహితుడి సలహా పాటించే ముందు ఆ తెల్లటి పొడి ఏమిటో తెలుసుకోండి. అది బయటి దుమ్ము కాదు, మీ జాయ్‌స్టిక్ ప్లాస్టిక్కే. స్టిక్ అడుగుభాగాన్ని స్ప్రింగు ఒక చిన్న గిన్నెలోకి నొక్కి ఉంచుతుంది. ఏళ్ల తరబడి తిప్పగా ఆ రెండూ ఒరుసుకొని అరిగిపోతాయి, ఆ అరుగుదల మేరకు స్టిక్ వదులవుతుంది. కదలికను లెక్కించేవి మాత్రం చీలికలున్న రెండు చిన్న చక్రాలు, వాటి గుండా వెళ్లే కాంతిని పసిగట్టే సెన్సర్లు. అవి సాధారణంగా బాగానే ఉంటాయి. కాబట్టి గిన్నె, స్టిక్ మాత్రమే కొత్తవి వేసి, ప్లాస్టిక్‌కు హాని చేయని సిలికాన్ గ్రీజు కొద్దిగా రాయడమే నేను మొదట చెప్పే వైద్యం.

గేమ్‌క్యూబ్ తరహా స్టిక్ చేతికి హాయిగా ఉంటుందన్నది నిజమే. దానిలో కాంతి చక్రాల బదులు పొటెన్షియోమీటర్లు (తిప్పిన కొద్దీ విద్యుత్ నిరోధం మారే భాగాలు) ఉంటాయి. వాటి విలువలను పాత కంట్రోలరుకు అర్థమయ్యే సంకేతాలుగా ఒక చిన్న చిప్పు మారుస్తుంది. చిక్కంతా అక్కడే. అసలు స్టిక్ ఒక్కో దిక్కున సుమారు 80 దాకా విలువ పంపితే, నాసిరకం స్టిక్కులు 100 దాటిస్తాయి. సూపర్ మారియో 64లో స్టిక్కును కొద్దిగా వంచితే మారియో మునివేళ్ల మీద నడవాలి; ఇలాంటి స్టిక్కుతో అతడు వెంటనే పరుగందుకొని ఇరుకు వంతెన మీంచి కింద పడతాడు. అయస్కాంతాలతో పనిచేసే హాల్ సెన్సర్ స్టిక్కుల సెన్సర్లలో రాపిడి ఉండదు గనుక, మార్చక తప్పదనుకుంటే వాటివైపు చూడండి. ఈ విలువల పరిధి మాత్రం వాటికీ సరిచూసుకోవలసిందే.

విప్పేటప్పుడు మెమొరీ కార్డు దూర్చే గాడిలో దాగిన రెండు చిన్న స్క్రూలను మరవకండి. వాటిని తీయకుండా వెనక మూతను బలవంతంగా లాగి పగలగొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. కంట్రోలరుకు మామూలు స్టార్ స్క్రూడ్రైవరు చాలు. బిగించాక స్టిక్కును ముట్టుకోకుండానే కన్సోల్ ఆన్ చేయండి, ఎందుకంటే ఆ క్షణంలో అది ఎక్కడుంటే అదే మధ్యస్థానమని కంట్రోలర్ లెక్క వేసుకుంటుంది. ఒకవేళ అది తప్పితే స్టిక్కును వదిలేసి ఎల్, ఆర్, స్టార్ట్ మీటలు మూడూ కలిపి నొక్కండి.