తిలాపాపంలో మీ పిడికెడు ఎంత?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఇంగ్లిష్ లెక్చరర్‌ని. డిగ్రీ చదివే రోజుల్లో నా ప్రాణస్నేహితురాలు ఒకబ్బాయిని ప్రేమించింది. రెండిళ్లవాళ్లకూ పడదు. వాళ్ల ఉత్తరాలు నేనే చేరవేసేదాన్ని. రిజిస్టర్ పెళ్లికి సాక్షి సంతకం కూడా పెట్టాను. పెళ్లయిన పదకొండో రోజున ఇద్దరూ బైక్ మీద వెళ్తుంటే లారీ గుద్ది అతను పోయాడు. ఆమె బతికింది. కానీ ఆ తర్వాత ఇంతవరకూ నాతో మాట్లాడలేదు. వాళ్లమ్మ ‘నా కూతురి బతుకు నువ్వే నాశనం చేశావు’ అంది. మా అమ్మ ‘వాడి రాత అంతే, నీదేం లేదు’ అంది. ఆ రెండు మాటలూ నాకు మింగుడు పడలేదు. ఈ ఏడాది ‘రోమియో జూలియెట్’ పాఠం చెప్పాల్సి వచ్చింది. చివరి అంకం దగ్గర గొంతు పూడుకుపోయి క్లాసు మధ్యలోనే బయటికి వచ్చేశాను. ఇప్పుడేమో 21 ఏళ్ల మా అన్నయ్య కూతురు ఒకరిని ప్రేమిస్తున్నానని చెప్పి, నాన్నకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నేనూ ఆ నాటకంలో ప్రేమికులకు రహస్యంగా పెళ్లి చేసిన మతగురువు ఫ్రయర్ లారెన్స్ లాంటిదాన్నేనా?

జవాబు: ఆ నాటకం మీకు నాకంటే బాగా తెలుసు. అయినా మీరే దాన్ని మధ్యలోకి తెచ్చారు కాబట్టి అక్కడి నుంచే మాట్లాడుకుందాం.

ముందు మీ అమ్మగారి మాట. నాటకం మొదట్లోనే, గ్రహాలు అడ్డం తిరిగిన ప్రేమికులు చనిపోతారని మనకు చెప్పేస్తారు. అది వినేది ప్రేక్షకులు మాత్రమే. వేదిక మీద ఉన్న ఏ ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. ‘రాసిపెట్టి ఉంది’ అనే మాటా అలాంటిదే, ముగింపు తెలిశాకే నోటికొస్తుంది. రోమియోను చూడండి, జూలియెట్ దగ్గరి బంధువు టిబాల్ట్‌ను తన చేత్తోనే చంపి, మరుక్షణం నేను విధి చేతిలో ఫూల్‌నయ్యానంటాడు. కత్తి దూసింది ఏ నక్షత్రమూ కాదు కదా!

అలాగని విధిని పూర్తిగా కొట్టిపారేయలేం. ఆ హత్యకు బహిష్కరణ పడి మాంటువా అనే ఊళ్లో ఉన్న రోమియోకు, జూలియెట్ చావు ఉత్తుత్తిదని చెప్పే ఉత్తరం తీసుకెళ్లాల్సిన ఇంకో మతగురువు ఫ్రయర్ జాన్ ఒక ఇంట్లో చిక్కుకుపోతాడు. ఆ ఇంట్లో ప్లేగు ఉందేమోనని కాపలావాళ్లు తలుపులు మూసేస్తారు. ఉత్తరం అందక, ఆమె నిజంగానే పోయిందనుకుని రోమియో విషం తాగుతాడు. అందులో ఎవరిని తప్పు పడతాం? మీ కథలో లారీ ఆ మూసిన తలుపు లాంటిది. ఆ రోజు ఆ సమయానికి ఆ రోడ్డు మీద ఎవరైనా ఉండొచ్చు. సంతకం పెట్టనివాళ్లూ ఉండొచ్చు. మీ లెక్కలోంచి ముందు దాన్ని తీసి పక్కన పెట్టండి. ఇన్నేళ్లుగా మీరు ఆ పెళ్లినీ ఆ ప్రమాదాన్నీ ఒకే ముడి వేసి మోస్తున్నారు.

ఇక స్నేహితురాలి తల్లి మాట. షేక్‌స్పియర్ ఈ కథను ఆర్థర్ బ్రూక్ అనే కవి 1562లో అచ్చేసిన పెద్ద కావ్యం నుంచి తీసుకున్నాడు. బ్రూక్ తన ముందుమాటలోనే ఆ ప్రేమికులు పెద్దల మాట వినలేదని తిట్టిపోశాడు. చివర్లో శిక్షలు కూడా పంచాడు: జూలియెట్ దాదికి దేశబహిష్కారం, విషం అమ్మినవాడికి ఉరి. ఫ్రయర్‌ను మాత్రం వదిలేశారు, ఆయనే ఊరి బయట ఏకాంతవాసానికి వెళ్లిపోయాడు. షేక్‌స్పియర్ ఈ పంపకాన్ని వదిలేశాడు. కొందరికి క్షమ, కొందరికి శిక్ష ఉంటాయని రాజు అంటాడు కానీ ఎవరికి ఏదో చెప్పడు. రెండు కుటుంబాలవాళ్లతో, మీ గొడవలను చూసీ చూడనట్టు వదిలేసినందుకు నేనూ ఇద్దరు బంధువులను పోగొట్టుకున్నాను, అందరికీ శిక్ష పడింది అంటాడు.

మనవాళ్లు దీన్నే తిలాపాపం తలా పిడికెడు అంటారు. తప్పించుకోవడానికి వాడే సామెత అనిపిస్తుంది గానీ, నాకు అందులో పిడికెడు అన్న మాట నచ్చుతుంది. దానికో కొలత ఉంది. ఆ తల్లి కడుపుమంటలో మీ నెత్తిన బస్తా పెట్టింది. మీ అమ్మగారు ప్రేమకొద్దీ మీ చేతిలో ఏమీ లేదన్నారు. చేతిలో ఏదో ఉందని మీకు తెలుస్తూనే ఉంది, అందుకే ఆ ఓదార్పు పనిచేయలేదు.

మరి ఆ పిడికెడు ఏమిటి? సంతకం మాత్రం కాదని నా ఉద్దేశం. జూలియెట్‌కు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. మీ స్నేహితురాలు డిగ్రీ చదువుతున్న మేజర్. ఆమె నిర్ణయం ఆమెదే, మీరు పక్కన నిలబడ్డారు. ఉత్తరాలు మోయడంలోనూ నాకు పెద్ద తప్పు కనిపించడం లేదు. అయితే ఆ రోజుల్లో వాళ్లమ్మ మిమ్మల్ని పట్టుకుని సూటిగా అడిగి ఉంటుంది. మీరు నాకేం తెలియదని చెప్పి ఉంటారు. ఇది నా ఊహ, తప్పయితే వదిలేయండి. నిజమైతే మాత్రం మీ వాటా అక్కడ ఉంది. అంతే ఉంది.

ఫ్రయర్ మీద నా కోపం కూడా అక్కడే. ఈ పెళ్లితో రెండు కుటుంబాల పగ ప్రేమగా మారుతుందని ఆశపడ్డాడు, అందులో దురుద్దేశం లేదు. కానీ జూలియెట్‌కు తండ్రి కుదిర్చిన వరుడు పారిస్ స్వయంగా వచ్చి జూలియెట్‌తో తన పెళ్లి గురించి చెప్తుంటే, ఆ పిల్లకు ఇప్పటికే పెళ్లయిందన్న మాట ఆయన నోట రాదు. ఆ ఒక్క మాట కంటే, పిల్లను 42 గంటలు శవంలా పడుకోబెట్టే మందు ఇవ్వడమే ఆయనకు సులువనిపించింది. చివరికి సమాధి దగ్గర అలికిడి వినగానే ఆమెను ఒంటరిగా వదిలేసి వెళ్లిపోతాడు. దాది కూడా అంతే. కబుర్లన్నీ మోసి, తీరా కష్టం వచ్చాక పారిస్‌నే చేసుకో అంటుంది. రహస్యం దాకా అందరూ తోడున్నారు, ఆ తర్వాత ఒక్కరూ లేరు.

మీ మేనకోడలి విషయంలో మీకు పనికొచ్చేది ఇదే. ఇచ్చిన మాటను ఆమెకు తెలియకుండా తప్పకండి. ఆమెను కూర్చోబెట్టి మీ హద్దులు చెప్పండి: ‘నేను నీ తరఫున కబుర్లు మోయను. నువ్వు నా దగ్గరున్నావని అబద్ధం చెప్పను. మీ నాన్న సూటిగా అడిగితే తెలియదనను, నిన్నే అడగమంటాను. నువ్వు చెప్పే రోజున మాత్రం నీ పక్కన కూర్చుంటాను.’ గడువు ఆమెనే పెట్టుకోమనండి.

దీనికి ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఆమె భయపడేది తండ్రి కోపానికా, దెబ్బలకా? మీ అన్నయ్యను మంచి రోజుల్లో చూసి అంచనా వేయకండి. జూలియెట్ తండ్రి మొదట్లో కూతురి ఇష్టం లేనిదే నా మాటకు విలువ లేదన్న మనిషే. రెండు రోజులు తిరిగేసరికి, ఒప్పుకోకపోతే వీధుల్లో పడి చావు అంటాడు. పెళ్లిని గురువారం నుంచి బుధవారానికి జరిపి, ఉన్న ఆ కాస్త టైమూ మింగేస్తాడు. మీ ఇంట్లో చేయి చేసుకోవడం, గదిలో పెట్టి తాళం వేయడం లాంటి ప్రమాదం ఉంటే ఆ రహస్యం ఆమెకు రక్షణ. అప్పుడు ముందు ఆమె ఎక్కడ క్షేమంగా ఉండగలదో, ఏ లాయర్‌తో మాట్లాడాలో చూడండి. నాన్నకు చెప్పడం ఆ తర్వాతి పని. సూటిగా అడిగినా నోరు విప్పకండి. పైన చెప్పిన హద్దులు అలాంటి ఇంటికి వర్తించవు.

మీ స్నేహితురాలి గురించి మీరేమీ అడగలేదు. కానీ ఉత్తరమంతా ఆమే ఉంది. ఆమె మౌనాన్ని మీరు నేరారోపణగా తీసుకున్నారు. నాకు ఇంకోటి కూడా తోస్తోంది. ఆ పదకొండు రోజుల కాపురానికి మొదటి సంతకం నుంచి సాక్షి మీరు. మిమ్మల్ని చూస్తే ఆమెకు ఆ రోజులే కనిపిస్తాయేమో! రాయాలనిపిస్తే ఒక చిన్న ఉత్తరం రాయండి. అందులో క్షమాపణ వేడుకోవద్దు, అది ఆమె మీద ఇంకో బరువు. అతని పేరు రాయండి. అతని గురించి మీకు గుర్తున్న సంగతి ఒకటి రాయండి. జవాబు రాకపోవచ్చు, అందుకు సిద్ధపడే పోస్టు చేయండి. నిద్ర పట్టకపోవడం ఇలాగే రెండు మూడు వారాలు సాగితే డాక్టర్‌నో కౌన్సెలర్‌నో నేరుగా కలవండి, ఇన్నేళ్ల సంగతి ఒక ఉత్తరం ముక్కతో తేలదు.

ఇక క్లాసు. చివరి అంకం మీరే చదవాలని ఎక్కడా లేదు, పిల్లల చేత చదివించండి. ఫ్రయర్ అందరి ముందూ జరిగింది జరిగినట్టు ఒప్పుకునే చోటు ఉంది కదా. క్లుప్తంగా చెప్తానని మొదలుపెట్టి 40 పంక్తుల దాకా లాగుతాడు. పిల్లలు తప్పకుండా నవ్వుతారు. మీరు కిటికీ దగ్గర నిలబడి వినండి.