పోర్టబుల్ యాప్‌కూ ఇన్‌స్టాల్ చేసే సాఫ్ట్‌వేర్‌కూ తేడా ఏమిటి?

తేడా పనితనంలో కాదు, సామాను పెట్టుకునే చోటులో ఉంది: మామూలు సాఫ్ట్‌వేర్ విండోస్‌లో పలు చోట్ల సర్దుకుంటుంది, పోర్టబుల్ యాప్ తన ఫైళ్లనూ సెట్టింగులనూ ఒకే ఫోల్డర్‌లో ఉంచుకుంటుంది.

ఇన్‌స్టాల్ చేస్తే ఫైళ్లు సాధారణంగా ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డర్‌లోకి, సెట్టింగులు రిజిస్ట్రీలోకి (విండోస్ తన సెట్టింగులు రాసుకునే పట్టిక), యూజర్ ఖాతాలోని యాప్‌డేటా ఫోల్డర్‌లోకి వెళ్తాయి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయాలంటే అడ్మిన్ అనుమతి తప్పనిసరి. ఈ తతంగమంతా దండగ కాదు. ఫైలుపై రెండుసార్లు క్లిక్ చేస్తే ఏ ప్రోగ్రామ్ తెరుచుకోవాలో, తొలగించేటప్పుడు ఏమేం తీసేయాలో విండోస్‌కు తెలిసేది దీనివల్లే. ఎంఎస్‌ఐ ప్యాకేజీ (విండోస్ ఇన్‌స్టాలర్ ఫైలు) అయితే ల్యాబ్‌లోని కంప్యూటర్లన్నింటిలో ఒకేసారి ఎక్కించవచ్చు.

తిరుపతిలో ఒక విద్యార్థి పెన్‌డ్రైవ్‌లో లిబ్రేఆఫీస్ అనే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ పోర్టబుల్ రూపాన్ని పెట్టుకుని కాలేజీ ల్యాబ్‌కు వెళ్లాడనుకుందాం. అక్కడ అడ్మిన్ పాస్‌వర్డ్ లేకపోయినా, పెన్‌డ్రైవ్‌ల వాడకాన్ని నిషేధించకపోతే అది సాధారణంగా తెరుచుకుంటుంది. ఇంట్లో ‘ఇ’ డ్రైవ్‌గా కనిపించినది ల్యాబ్‌లో ‘జి’ అయినా ఇబ్బంది లేదు. తన ఫైళ్లు ఎక్కడున్నాయో ఆ యాప్ తన ఫోల్డర్ నుంచే లెక్కగడుతుంది. తెలుగు ఫాంటు మాత్రం ఆ కంప్యూటర్‌లో లేకపోతే అక్షరాల రూపు మారవచ్చు.

పోర్టబుల్ అంటే ఆనవాళ్లు మిగలవని చాలామంది నమ్ముతారు. అది పొరపాటు. ఫలానా పెన్‌డ్రైవ్ పెట్టారని విండోస్ రిజిస్ట్రీలో రాసుకుంటుంది, ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితాలోనూ పేరు ఉండిపోవచ్చు. వైరస్ రాదన్న ధీమా ఇంకా ప్రమాదకరం: ఇన్‌స్టాల్ చేయకపోయినా నడిచేది ప్రోగ్రామే.