పోటు వచ్చేదాకా కూర్చోండి

ప్రశ్న: నాన్నగారు రిటైరయ్యాక ఇద్దరం పక్షులు చూడడం మొదలుపెట్టాం. పోయిన ఆదివారం తెల్లవారకముందే లేచి, నది సముద్రంలో కలిసే చోటికి వెళ్లి మూడు గంటలు నడిచాం. ఎక్కడో బురద మీద చుక్కల్లా కనిపించాయి. దగ్గరికి పోతే లేచిపోయాయి. నాన్నగారు డీలా పడ్డారు. చలికాలంలోనే ఎక్కువ పక్షులొస్తాయంటారు కదా, మేం చేసిన పొరపాటేమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు పొద్దు చూసుకుని వెళ్లారు, ఆటుపోట్లు చూసుకోలేదు. చెట్ల మీది పిట్టలకు తెల్లవారుజాము ముఖ్యం. బురదలో మేసే ఉల్లంకి జాతి పక్షులకు మాత్రం నీళ్లే గడియారం. ఆటు సమయంలో బురద మేటలు బయటపడితే, అవి పురుగులూ నత్తలూ ఏరుకుంటూ నీటి అంచు వెంట దూరంగా పోతాయి. పోటు మొదలయ్యాక ఆ నీళ్లే వాటిని మళ్లీ గట్టు వైపు తోసుకొస్తాయి. కాబట్టి పూర్తి పోటుకు రెండు మూడు గంటల ముందే చేరుకుని ఒకచోట కూర్చోండి. ఆటుపోట్ల పట్టిక చూసుకోండి, పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది.

మొదటి రెండు చలికాలాలు నేనూ వాటి వెంటే నడిచాను. ఒకరోజు కాలు బెణికి గట్టు మీదే ఉండిపోయాను. గంటన్నర గడిచేసరికి కర్లూ అనే బురద పక్షి ఒకటి ఇరవై గజాల దూరానికి వచ్చింది. వంకర ముక్కును మొదలంటా బురదలో దింపి పీతను లాగింది. దాని కాళ్లు ఊడేదాకా విదిలించి మింగింది. అంత దగ్గరగా అది చూడడం అదే మొదలు.

పేర్ల కోసం టెన్షన్ పడకండి, మేత తీరు చూడండి. నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, టక్కున పొడిస్తే అది ప్లోవర్. కళ్లతో వెతుక్కుంటుంది, ముక్కు పొట్టిగా ఉంటుంది. తలెత్తకుండా బురదలో పొడుచుకుంటూ పోయేవి సాండ్‌పైపర్లు, ముక్కు కొసతో తడిమి పట్టుకుంటాయి.

ఒక్కమాట గట్టిగా చెప్పాలి. అవి మేత ఆపి తలలెత్తితే అక్కడే ఆగిపోండి. 2022లో అయిదు నెలల బార్-టెయిల్డ్ గాడ్‌విట్ అనే బురద పక్షి పిల్ల ఒకటి అలాస్కా నుంచి టాస్మానియాకు 13,560 కిలోమీటర్లు, 11 రోజులు ఎక్కడా దిగకుండా ఎగిరింది. అలాంటి ప్రయాణాలకు కావలసిన కొవ్వంతా అవి ఈ బురదలోనే కూడబెట్టుకోవాలి. మనం లేపిన ప్రతిసారీ అందులో కొంత ఖర్చయిపోతుంది. పోటు నిండాక ఇసుక దిబ్బ మీద గుంపుగా నిలబడి నిద్రపోతుంటే అటు అసలు వెళ్లొద్దు. మీరు కూడా బురదలోకి దిగకండి, పోటు నీళ్లు ముందుగా మీ వెనకున్న కాలవల్లోకే చేరతాయి.

పోటు నిండాక నది ఒడ్డున ఎగువకు నడవండి. రెక్కలు చాచి ఆరబెట్టుకునే నీటికాకులు, నీళ్ల మీదికి వంగిన కొమ్మన లకుముకి పిట్ట కనిపించవచ్చు. నాన్నగారికి ఒక మడతకుర్చీ పట్టుకెళ్లి, ఎండ వీపు మీద పడేలా వేయండి.